కాటు ఫొటో తీసేశారు, పసరు వీడియో ఉంచారు – గ్రూపును ఎక్కడికి మార్చాలి?

నల్లరేగడి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది జనగామ దగ్గర పల్లె. ఒక పెద్ద సోషల్ మీడియాలో పాముల్ని గుర్తుపట్టే గ్రూపు నడుపుతున్నాను. పొలంలోనో, బాత్రూంలోనో పాము కనిపిస్తే ఫొటో పెడతారు, అది ఏ పామో మేం చెబుతాం. జెర్రిపోతును నాగుపామనుకుని కొట్టి చంపడం మా వైపు ఈమధ్య తగ్గిందంటే ఆ గ్రూపు వల్లే.

మొన్న రక్తపింజర కరిచిన ఒకాయన వాచిన కాలు ఫొటో పెట్టాను, ఆయన ఒప్పుకున్నాకే. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, సీదా ఆసుపత్రికి పోవాలి అని కింద రాశాను. 'హింసాత్మక దృశ్యం' అని తీసేశారు. అప్పీల్ చేస్తే నిమిషం తిరక్కుండానే తిరస్కరించారు. మనిషి చూశాడంటే నేను నమ్మను. అదే రోజు, పసరు పోస్తే చాలు, ఇంజెక్షన్ అక్కర్లేదని చెప్పే వీడియోను రిపోర్ట్ చేశాను. నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని జవాబొచ్చింది!

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. రెప్పలు వాలిపోయి, ఊపిరి అందక పోతారు. ఆ కొన్ని గంటలూ పసరు దగ్గర గడిస్తే ఇక అంతే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ వీడియో ఉండొచ్చు, నా ఫొటో ఉండకూడదా? వెళ్లిపోదామనుకుంటున్నాను. ఎక్కడికి?

గోదారి గట్టు:
అన్నా, వెళ్లేముందు ఒక పని చెయ్యండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి పెద్ద ప్లాట్‌ఫామ్‌కూ ఇక్కడ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. యాప్‌లోని అప్పీల్ వేరు, ఇది వేరు. ఆయనకు మెయిల్ పెట్టండి. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. కేంద్రం 2023 జనవరిలో మూడు కమిటీలు వేసింది. పోస్ట్ తీసేసిన స్క్రీన్‌షాట్, తేదీ దగ్గర పెట్టుకోండి.

పద్యప్రియ:
మా పద్యాల గుంపు మాస్టోడాన్‌కి మారింది. అదీ సోషల్ మీడియానే, కానీ ఒక కంపెనీ చేతిలో ఉండదు, ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకోవచ్చు. సర్వర్ నడిపేది మనవాళ్లే అయితే తెలుగు చదవగలిగిన మనిషే తీర్పు చెబుతాడు, అది పెద్ద ఊరట. కానీ ఖాతా మార్చినప్పుడు అనుచరులు వస్తారు గానీ పాత పోస్టులు రావు. పైగా మీ రైతులు దానికోసం కొత్త ఖాతా తెరుస్తారా? మావాళ్లే సగం మంది రాలేదు.

పీహెచ్‌సీ సిస్టర్:
తమ్ముడూ, గ్రూపు మూసేయకు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు నీ పోస్టు చూసే వస్తారు. రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టదు. గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం, అప్పటికీ నీళ్లలాగే ఉంటే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెడతాం. పసరు దగ్గర ఆగి వచ్చినవాళ్లకు ఆ టైమే మిగలదు. వాట్సాప్ గ్రూపు మాత్రం వద్దు. నంబర్లు అందరికీ కనపడతాయి, ఆడవాళ్లు ఫొటో పెట్టరు.

నల్లరేగడి:
సిస్టర్, మీరు చెప్పాక మూసే ఆలోచన మానుకున్నాను. కానీ ఇన్నేళ్ల ఫొటోలు ఇక వాళ్ల చేతిలో ఉంచను. మొత్తం డౌన్‌లోడ్‌కి పెట్టాను. సొంత వెబ్‌సైట్‌లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విడివిడి పేజీలు పెడతాను, కాటు ఫొటోలతో సహా. గ్రూపులో ఆ లింకులే ఇస్తాను. గోదారి గట్టు గారూ, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రేపే మెయిల్ పెడుతున్నాను, పసరు వీడియో మీద కూడా. మెయిల్ తెలుగులో రాస్తే తీసుకుంటారా, ఇంగ్లీషులోనే రాయాలా?