మహిళా డైరెక్టర్ నియామకం: లయబిలిటీ పాలసీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మాది హైదరాబాద్‌లో మందుల కంపెనీ. లిస్టెడ్ కాదు, పబ్లిక్ లిమిటెడ్. నేను కంపెనీ సెక్రటరీని. టర్నోవర్ 300 కోట్లు దాటింది కాబట్టి కంపెనీల చట్టం 2013, సెక్షన్ 149 ప్రకారం బోర్డులో ఒక మహిళ ఉండి తీరాలి. ఉన్నావిడ జూన్ చివర్లో రాజీనామా చేశారు. గడువు మూడు నెలలు లేదా తర్వాతి బోర్డు మీటింగ్, ఏది ఆలస్యమైతే అది.

ఇండిపెండెంట్ డైరెక్టర్ల (కంపెనీతో సంబంధం లేని బయటి డైరెక్టర్ల) డేటాబ్యాంకులో వెతికాను. ప్లాంటు పని తెలిసినవాళ్లు దొరకలేదు. ఎండీగారు వాళ్లావిడ పేరు చెప్పారు. చట్టం కాదనదు గానీ, సంతకాలకే పరిమితమయ్యే పదవి ఎందుకు? మా క్వాలిటీ హెడ్ మేడమ్‌ని హోల్‌టైమ్ డైరెక్టర్‌గా రమ్మంటే, "రేపు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ కేసు పెడితే నా లాయర్ ఫీజు ఎవరిస్తారు?" అన్నారు. న్యాయమే. డైరెక్టర్ల లయబిలిటీ పాలసీ (డైరెక్టర్ల మీద వచ్చే కేసులకు బీమా) తీసుకుందామంటే ఇద్దరు బ్రోకర్లు రెండు రకాలుగా చెబుతున్నారు.

మీలో ఎవరికైనా ఇలాంటి కేసులో ఆ పాలసీ కింద లాయర్ ఖర్చులు నిజంగా వచ్చాయా?