న్యూయార్క్ టాక్సీలో టిప్: ఇచ్చి తీరాలా, మన ఇష్టమా?

తెనాలి అమ్మాయి

వచ్చే నెల అమ్మానాన్నలు న్యూయార్క్ వస్తున్నారు. నేనుండేది వేరే రాష్ట్రం, రెండు రోజులు ఆగి గానీ వాళ్లని కలవలేను. జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు నుంచి మాన్‌హాటన్‌లో హోటల్‌కి పసుపు టాక్సీలో వాళ్లే వెళ్లాలి. ఆ దారికి మీటరు లేదు, 70 డాలర్లని కట్టేసిన రేటు, పైన టోలూ సర్‌ఛార్జీలూ. ఇంతవరకూ నాన్నగారు సరేనన్నారు. "దిగేటప్పుడు ఇంకో పదిహేను డాలర్లు టిప్ ఇవ్వండి నాన్నా" అనేసరికి ఆయనకి కోపం వచ్చింది. "గవర్నమెంటే రేటు కట్టాక మళ్లీ పైన ఇచ్చేది దేనికి? దారి తప్పించకుండా చేర్చినందుకా?" అని. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, లెక్క చూపించకపోతే వినరు. ఇవ్వకుండా దిగితే నాకు తలవంపులుగా ఉంటుంది. అయితే నాకు సిగ్గేస్తుందన్నది ఆయన ప్రశ్నకి జవాబు కాదు. చుట్టపుచూపుగా వచ్చి వెళ్లేవాళ్లు కూడా ఇవ్వాల్సిందేనా? ఎందుకు?

లెక్కల మాస్టారు

నాది మీ నాన్నగారి పక్షమమ్మా. ఆయన అడిగిన లెక్కే చూద్దాం.

70 డాలర్ల మీద మెట్రో రైళ్ల కోసం రాష్ట్రం వేసే అర డాలరు, ఇంప్రూవ్‌మెంట్ సర్‌ఛార్జీ అని ఒక డాలరు, 96వ వీధికి దిగువకి వెళ్తే రెండున్నర, 60వ వీధికి దిగువకి వెళ్తే 2025 జనవరి నుంచి ఇంకో ముప్పావు డాలరు. సొరంగంలోంచి వెళ్తే టోలు సుమారు ఏడు డాలర్లు. పనిదినాల్లో సాయంత్రం 4 నుంచి 8 మధ్య అయితే మరో ఐదు. ఆ ఐదు పక్కన పెట్టినా బిల్లు 80 దాటుతుంది. అప్పుడు వెనక సీటు ముందున్న తెర వెలిగి 20, 25, 30 శాతం అని మూడు బొత్తాలు చూపిస్తుంది. పది శాతం అన్న బొత్తం ఉండదు, సున్నా అసలే ఉండదు. కావాలంటే మనమే అంకె కొట్టుకోవాలి. ఆ శాతం ఉత్త ఛార్జీ మీద వేశారా, టోలు కూడా కలిపి వేశారా అన్నది కూడా చూసుకోవాలి. 70 మీద 20 శాతం 14 డాలర్లు. 82 మీద 16.40. సొరంగానికి కట్టిన టోలు మీద డ్రైవరుకి టిప్ ఎందుకివ్వాలో నాకెవరైనా చెప్పండి.

ఇంకో మాట. ఆ నగరపు టాక్సీ కమిషన్ ప్రయాణికుల హక్కులని ఒక పట్టిక పెట్టింది. సేవ బాగా లేకపోతే టిప్ ఇవ్వకపోవడం అందులో మన హక్కుగా రాసి ఉంది. ఇవ్వకపోవడం హక్కయినప్పుడు ఇవ్వడం విధి ఎలా అవుతుంది?

క్వీన్స్ నైట్‌షిఫ్ట్

మాస్టారూ, ఆ పట్టిక మళ్లీ చదవండి. "సేవ బాగా లేకపోతే" అని ఉంది. బాగుంటే ఇస్తారన్నది అందులోనే ఉందిగా.

నేను ఆ ఊళ్లో రాత్రిపూట పసుపు టాక్సీ నడిపే మనిషిని, మాది రాజమండ్రి. చాలామంది ఇక్కడో పొరపాటు పడతారు. అమెరికాలో టిప్పు వచ్చే ఉద్యోగాలకి గంటకి 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలని కేంద్ర చట్టం ఉంది. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనం 7.25 రాకపోతే తేడా యజమాని భరించాలి. అది హోటల్లో వడ్డించేవాళ్ల సంగతి. మాకు ఆ 2.13 కూడా లేదు, ఎందుకంటే మేం ఉద్యోగులమే కాదు. బండి సొంతం కాని డ్రైవరు షిఫ్టుకి వంద డాలర్ల పైనే అద్దె కట్టి రోడ్డెక్కుతాడు. పెట్రోలు ఖర్చు వేరు. మొదటి కొన్ని గంటలు ఆ అద్దె కోసమే తిరుగుతాం. మాస్టారు చెప్పిన సర్‌ఛార్జీల్లో మా జేబులోకి వచ్చేది ఆ సాయంత్రపు ఐదు డాలర్లు.

సొంత బండి వాళ్ల కథ ఇంకా ఘోరం. పసుపు టాక్సీకి ఉండే మెడాలియన్ పర్మిట్ ఒకప్పుడు పది లక్షల డాలర్లు దాటి పలికింది. అప్పు చేసి కొన్నారు, ఊబర్ లాంటి యాప్ బండ్లు వచ్చాక ధర కూలిపోయింది. ఆ అప్పుల మీద 2021లో సిటీ హాల్ ముందు పదిహేను రోజులు నిరాహార దీక్ష చేస్తే గానీ నగరం దిగిరాలేదు. అప్పు అసలుని లక్షా డెబ్భై వేలకి తగ్గించే ఒప్పందం అప్పుడు కుదిరింది.

కాబట్టి 70 కట్టాం, ఇంకేంటి అంటే కుదరదు. టిప్ వస్తుందన్న లెక్కలోనే ఆ రేటు నడుస్తోంది. ఇక మనవాళ్ల సంగతి చెప్పనా? మనిషికి రెండేసి పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు, సగం పచ్చళ్లు, పొడులు. అన్నీ నేనే ఎత్తి డిక్కీలో పెట్టి, హోటల్ దగ్గర నేనే దించాక, "థాంక్యూ బాబూ, చల్లగా ఉండు" అని వెళ్లిపోతారు. దీవెన మంచిదే. అద్దె కట్టడానికి పనికిరాదు.

టోక్యో తెలుగోడు

నేనుండే చోట ఈ తలనొప్పే లేదు. టోక్యోలో మొదటి కిలోమీటరుకి అటూ ఇటుగా 500 యెన్లు, రాత్రి 10 దాటితే 20 శాతం ఎక్కువ, అదీ మీటరే వేసుకుంటుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. చిల్లర ఉంచుకోమంటే డ్రైవరు కంగారు పడతాడు, పళ్లెంలో పెట్టి తిరిగిచ్చేస్తాడు. సేవలో లోటు ఉండదు. టిప్ లేకపోతే డ్రైవర్లు మర్యాదగా ఉండరన్న వాదన టోక్యోలో ఒక్కసారి టాక్సీ ఎక్కితే పోతుంది. రాత్రి తోలే కష్టానికి ఖరీదు కట్టాల్సింది రేట్ల పట్టికే. వెనక సీట్లో కూర్చున్నవాడి మొహమాటం మీద దాన్ని వదిలేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది, డ్రైవరుకే అన్యాయం.

క్వీన్స్ నైట్‌షిఫ్ట్

తమ్ముడూ, మీ ఊరి పద్ధతి మా ఊరికొస్తే మొదట దండం పెట్టేది నేనే. అది వచ్చేదాకా ఈ రాత్రి సంగతేంటి?

పాత పేపర్ల పిచ్చి

అమెరికా పుట్టినప్పటి నుంచీ టిప్పులు ఇచ్చిందనుకునేవాళ్ల కోసం కొంచెం చరిత్ర. పందొమ్మిదో శతాబ్దంలో డబ్బున్న అమెరికన్లు యూరప్ తిరిగొచ్చి ఈ అలవాటు తెచ్చుకున్నారు. అప్పట్లో దీన్ని దొరల అలవాటని అసహ్యించుకున్నవాళ్లూ ఉన్నారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుల్ని నిషేధిస్తూ చట్టమే చేసింది, ఇంకొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ పోయాయి.

అలవాటు నిలవడానికి ఒక కారణం రైళ్లలో కనిపిస్తుంది. అంతర్యుద్ధం తర్వాత పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ బోగీల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లని పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం చాలీచాలనిది, మిగతాది ప్రయాణికుల చేతిలోంచి రావాలి. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుంటే, కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టడానికి 1937 దాకా పట్టింది. అందుకే "టిప్ అంటే మెచ్చుకోలు" అనే మాట నాకు మింగుడుపడదు. జీతం ఎగ్గొట్టడానికి దొరికిన మర్యాదైన దారి అది.

లెక్కల మాస్టారు

చూశారా! నేనన్నదీ అదే. కంపెనీ ఎగ్గొట్టినదాన్ని తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన ఎందుకు పూడ్చాలి?

పోనీ ఆచారం అందామా అంటే, అమెరికావాళ్లే పాటించడం లేదు. ఊబర్ తన యాప్‌లో టిప్ బొత్తం 2017లో పెట్టింది. తర్వాత ఆర్థికవేత్తలు దాదాపు 4 కోట్ల ప్రయాణాల లెక్క తీసి 2019లో బయటపెట్టారు. టిప్ పడింది వందకి పదహారు ప్రయాణాలకే. వందలో అరవై మంది ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఎప్పుడూ ఇచ్చేవాళ్లు వందకి ఒక్కరు. అదే దేశం, అదే జనం. పసుపు టాక్సీలో డ్రైవరు ముందే కూర్చుని ఉంటాడు, యాప్‌లో దిగి ఇంటికెళ్లాక నొక్కొచ్చు. ఎవరూ చూడకపోతే ఇవ్వరు. దీన్ని ఆచారం అనాలా, మొహమాటం అనాలా?

క్వీన్స్ నైట్‌షిఫ్ట్

ఆ లెక్క నేను కాదనను. కానీ దాన్నుంచి మీరు తీసిన సారం తలకిందులుగా ఉంది. యాప్ డ్రైవర్లకి టిప్పులు రావడం లేదని తేలిందంటే, వాళ్లు బాగున్నారని కాదు. అందుకేగా న్యూయార్క్ నగరం 2019 నుంచి యాప్ డ్రైవర్లకి కనీస చెల్లింపు పెట్టింది, దేశంలో మొదట చేసిన నగరం అదే. పసుపు టాక్సీకి అలాంటిది లేదు. ఏ బండి ఎక్కారో చూసుకుని మాట్లాడండి.

జగిత్యాల టు దేరా

మీరంత న్యూయార్క్ ముచ్చటే చెప్తున్నరు. దుబాయ్‌ల టాక్సీ నడిపేటోళ్లల్ల మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లు చాన మంది ఉన్నరు, నేను గూడ ఆడనే. మాకు వచ్చేది కమీషన్ మీదనే, ఎంత తిప్పితే అంత. ఎయిర్‌పోర్టుల ఎక్కితే మీటరు 25 దిర్హాంల కాడ మొదలైతది. ఈడ శాతాలు లేవు, తెర మీద బొత్తాలు లేవు. 47 అయితే 50 ఇచ్చి పోతరు, గంతే. ఆ మూడు దిర్హాంలు ఇచ్చినా ఇయ్యకున్నా ఎవ్వలూ మొహం మాడ్చుకోరు.

గని ఒక్క మాట చెప్త, తప్పుగ అనుకోకుండ్రి. తెల్లోళ్లు దిగుకుంట చిల్లర ఉంచుకొమ్మంటరు. మనోళ్లు బండెక్కంగనే "ఏ ఊరన్నా మనది?" అని అడుగుతరు, ఊరు కలిస్తె సుట్టరికం గూడ కలుపుతరు, దిగెటప్పుడు మాత్రం ఒక్క దిర్హాం గూడ లెక్కవెట్టి తీసుకుంటరు. సుట్టమైతె ఇంకింత ఇయ్యాలె గద!

కూకట్‌పల్లి క్యాబ్

అన్నా, నీ పోస్టు చదివి నవ్వాగలేదు. ఇక్కడ హైదరాబాద్‌లో ఇంకో వింత. బండి బుక్ చేసేటప్పుడే, ఇంకా డ్రైవరు మొహం కూడా చూడకముందే, "టిప్ పెంచితే త్వరగా దొరుకుతుంది" అని 2025లో యాప్ అడిగేది. సేవకి ముందే ఇచ్చేది టిప్ ఎలా అవుతుంది, అది వేలంపాట. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దీని మీదే ఊబర్‌కి నోటీసు కూడా ఇచ్చింది. డ్రైవరుగా నాకు ఆ ముప్పై రూపాయలు కావాలి, అబద్ధమాడను. కానీ వర్షంలో తడుస్తూ నిలబడ్డ మనిషి దగ్గర అలా లాగినది తీసుకుంటే ఏదోలా ఉంటుంది. అమెరికాలో కనీసం దిగాక అడుగుతున్నారు, అది నయం.

తెనాలి అమ్మాయి

అందరికీ థాంక్స్. పుల్‌మన్ సంగతి చెప్తే నాన్నగారు "అయితే ఆ కంపెనీల మీద కేసు వెయ్యాలి గానీ నా మీద పడతారేం" అన్నారు. క్వీన్స్ గారు చెప్పిన షిఫ్టు అద్దె దగ్గర మాత్రం ఆగి, "బండి అద్దె వాడే కడతాడా?" అని రెండుసార్లు అడిగారు. చివరికి తెర మీద శాతాలు నొక్కను, కూలికి ఇచ్చినట్టు నగదు చేతికిస్తాను, ఎంతో చెప్పు అన్నారు. ఇప్పుడు నాకు ఆ అంకె కావాలి.

టోక్యో తెలుగోడు

నగదే మేలు. కార్డు నొక్కే హడావుడిలో 30 శాతం మీద వేలు పడితే మీ నాన్నగారు ఆ ట్రిప్పంతా మర్చిపోరు.

లెక్కల మాస్టారు

సూత్రం నేను వదులుకోలేదు, కానీ పెద్దాయన ఇస్తానంటే నా లెక్క ఇది: 70 మీద 15 శాతం, పదిన్నర డాలర్లు. టోలు మీద, సర్‌ఛార్జీల మీద పైసా లేదు.

క్వీన్స్ నైట్‌షిఫ్ట్

పదిన్నరకి చిల్లర ఎక్కడ వెతుకుతారు మాస్టారూ, పన్నెండు చెయ్యండి. అమ్మా, ఇంతకీ పెట్టెలు ఎన్ని?

తెనాలి అమ్మాయి

నాలుగు. ఒకటి మొత్తం ఆవకాయే.

క్వీన్స్ నైట్‌షిఫ్ట్

అయితే పదిహేను.