డేటా ఇంజనీర్ సర్టిఫికేషన్: డంప్ బట్టీ పట్టాలా, ల్యాబ్‌లో కూర్చోవాలా?

మధురవాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. 2024లో ఈసీఈ పూర్తి చేశాను. గూగుల్ క్లౌడ్ ప్రొఫెషనల్ డేటా ఇంజనీర్ పరీక్ష రాద్దామనుకుంటున్నా. ఫీజు 200 డాలర్లు, పైన పన్ను. మన డబ్బుల్లో ఇరవై వేల దగ్గర పడుతుంది, ఇంట్లో ఒక్కసారికే ఒప్పుకున్నారు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు "మా పీడీఎఫ్‌లోవే వస్తాయి, బట్టీ పడితే చాలు" అన్నారు. మా సీనియర్ ఒకాయన అది డంప్ (పరీక్షలోంచి బయటికి పొక్కిన ప్రశ్నలు), ముట్టుకోవద్దన్నాడు. అనుభవం లేనివాడు డంప్ లేకుండా పాసవగలడా? నీతులొద్దు, ఉన్నమాట చెప్పండి.

నైట్‌షిఫ్ట్_రుషికొండ:
నీతులొద్దన్నావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ, చదివెయ్. నాది సపోర్ట్ ప్రాజెక్టు, రాత్రంతా టికెట్లు క్లోజ్ చేయడమే పని. డేటా టీమ్‌లోకి వెళ్తానంటే అనుభవం ఏదీ అంటారు. ఆ టీమ్‌లోకి రానిస్తే కదా అనుభవం వచ్చేది! డంప్ వద్దనేవాళ్లు దీనికి దారి చెప్పరు. గూగుల్ చెప్పే మూడేళ్ల అనుభవం సలహాయే, నిబంధన కాదు. స్కోరు కూడా ఇవ్వరు, పాస్ లేదా ఫెయిల్. ఎలా చదివావో సర్టిఫికెట్ మీద రాసి ఉండదు. ఎంసెట్‌కి పాత పేపర్లు తిరగెయ్యనివాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా?

పాత_పైప్‌లైన్:
ఎంసెట్ పేపర్లు పరీక్ష పెట్టినవాళ్లే బయటపెడతారండీ. డంప్ అంటే పరీక్ష రాసొచ్చినవాళ్లు దొంగతనంగా అమ్ముకునే ప్రశ్నలు. ప్రశ్నలు ఎవరికీ చెప్పనని పరీక్షకి ముందు ఒప్పుకునే రాస్తాం, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. సరే, నీతి వద్దన్నారు కాబట్టి పనికొస్తుందా లేదా అన్నదే చూద్దాం.

ముందు ఆ పీడీఎఫ్ వయసు చూడండి. ఫ్లోలాజిస్టిక్, ఎంజేటెల్కో అనే కంపెనీల కేస్ స్టడీలు కనబడితే అది ఎప్పుడో పోయిన సరుకు, వాటిని 2019లోనే తీసేశారు. స్టాక్‌డ్రైవర్ అని గూగుల్ మానిటరింగ్ టూల్ ఒకటి ఉండేది, ఆ పేరు 2020లో మారింది. 2023 చివర్లో సిలబస్సే మారి మెషీన్ లెర్నింగ్ బాగా తగ్గింది, డేటాప్లెక్స్, డేటాఫామ్ లాంటి గూగుల్ టూల్స్ వచ్చాయి. పాత డంప్‌లో మోడల్ ఓవర్‌ఫిట్ అయితే (నేర్పిన డేటానే బట్టీ పట్టేస్తే) ఏం చేయాలనే ప్రశ్నలు ఇంకా పేజీలకొద్దీ ఉంటాయి.

అసలు ఇబ్బంది అది కూడా కాదు. ఈ పరీక్షలో ఒక్క షరతు మారితే జవాబు మారిపోతుంది. మన పోర్టులో క్రేన్ల సెన్సార్లే అనుకోండి. సెకనుకు లక్షల రీడింగులు వస్తున్నాయి, ఏ క్రేన్ తాజా రీడింగైనా మిల్లీసెకన్లలో కావాలి అంటే గూగుల్ సర్వీసుల్లో బిగ్‌టేబుల్. అదే డేటా మీద మేనేజర్‌కి నెలకోసారి ఎస్‌క్యూఎల్ (టేబుళ్లని ప్రశ్నలడిగే భాష) రిపోర్టు కావాలంటే బిగ్‌క్వెరీ. పెద్ద డేటాని చాలా సర్వర్ల మీద పంచి నడిపే స్పార్క్ జాబ్‌లు ఇప్పటికే నడుస్తున్నాయి, కోడ్ ముట్టుకోకుండా క్లౌడ్‌కి మార్చాలంటే డేటాప్రాక్. కొత్తగా రాస్తున్నాం, సర్వర్ల గొడవ వద్దు, ఆలస్యంగా వచ్చిన రీడింగు కూడా దాని టైమ్ విండోలోనే పడాలంటే డేటాఫ్లో. అవే క్రేన్లు, నాలుగు జవాబులు. "క్రేన్ల ప్రశ్నకి సి" అని గుర్తుపెట్టుకున్నవాడికి ఆ షరతు కంటికి కూడా ఆనదు.

బిగ్‌టేబుల్ అని సరిగ్గా పెట్టినా పని అయిపోదు. రో కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే పేరు) టైమ్‌స్టాంప్‌తో మొదలైతే కొత్త రీడింగులన్నీ ఒకే నోడ్ (సర్వర్) మీద పడతాయి, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. క్రేన్ నంబరు ముందు, సమయం తర్వాత రావాలి. డంప్‌లో ఇది ఏ, బీ, సీల్లో ఒక అక్షరం. ఇంటర్వ్యూలో దీని మీదే పావుగంట నిలబెడతారు.

ఉక్కునగరం_సెక్టార్:
బాబూ, ల్యాబ్ అనగానే డబ్బుల టెన్షన్ పెట్టుకోకు. పిల్లల వల్ల ఉద్యోగం మానేసి మళ్లీ ఈ దారిలోకి వచ్చినదాన్ని, పైసా పైసా చూసుకున్నా. ఉచితంగా ప్రయోగాలు చేసుకునే బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్‌కి కార్డే అక్కర్లేదు. నెలకు 10 జీబీ నిల్వ, ఒక టీబీ క్వెరీలు ఉచితం. పెట్టిన టేబుళ్లు 60 రోజులకు పోతాయి, స్ట్రీమింగ్ (వచ్చే డేటాని అప్పటికప్పుడు ఎక్కించడం) కుదరదు, అయినా మొదట్లో చాలు. పబ్లిక్ డేటాసెట్లలో అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల వాతావరణ రికార్డులు ఏడాదికో టేబుల్‌గా ఉన్నాయి. స్టేషన్ల పట్టికలో మన విశాఖని వెతికి, హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు చుట్టూ లాగి చూడు. జాయిన్ (టేబుళ్లు కలపడం), ఖాళీ విలువలు అన్నీ అక్కడే తగుల్తాయి.

డేటాఫ్లో వెనకున్నది అపాచీ బీమ్ అనే ఓపెన్‌సోర్స్ టూల్, అది లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. జాబ్‌లని వరసగా, టైమ్‌కి నడిపే కంపోజర్ వెనకున్నది ఎయిర్‌ఫ్లో, అదీ అంతే. కార్డు ఇస్తే కొత్తవాళ్లకి 90 రోజులకి 300 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. దాన్ని చివరి నెలకి దాచుకో. కంపోజర్ ఆన్ చేసి మర్చిపోతే ఖాళీగా ఉన్నా క్రెడిట్ తినేస్తుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అని నిద్రపోకూడదు, అది మెయిల్ పంపుతుందే గానీ దేన్నీ ఆపదు.

నైట్‌షిఫ్ట్_రుషికొండ:
అక్కా, ఇదంతా చేయాలంటే పగలు మెలకువగా ఉండాలి కదా. ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. క్లౌడ్ పార్ట్‌నర్ హోదా కోసం కంపెనీలకి సర్టిఫికెట్ ఉన్న మనుషులు ఇంతమంది అని లెక్క చూపించాలి. క్వార్టర్ ఆఖరికి పాసవ్వమంటారు. మా దగ్గర డంప్ లింకు గ్రూపులో పెట్టింది మేనేజరే. తప్పంతా రాసేవాడి మీదేనా?

బీచ్‌రోడ్_బాతాఖానీ:
మధ్యలో వచ్చానేమో. గూగుల్ డేటా సెంటర్ మనూరికే వస్తోంది కదండీ, ఈ సర్టిఫికెట్ ఉంటే అందులో తీసుకుంటారా?

ఉక్కునగరం_సెక్టార్:
2025 అక్టోబరులో ప్రకటించిన ఆ 15 బిలియన్ డాలర్లు సర్వర్లకి, కరెంటుకి, సముద్రం కేబుళ్లకి. డేటా ఇంజనీర్ ఆ బిల్డింగులో కూర్చోడండీ, ఎక్కడినుంచైనా పనిచేస్తాడు. ఆ రెండూ ముడిపెట్టి క్లాసులు అమ్మేవాళ్లకే దానివల్ల లాభం.

పాత_పైప్‌లైన్:
మేనేజర్ సంగతి ఒప్పుకుంటా, ఆ ఒత్తిడి నిజమే. కానీ నైట్‌షిఫ్ట్ గారూ, మీకు ఫీజు కంపెనీ కడుతుంది, పాసయ్యాక కూడా మీ ఉద్యోగం మీకు ఉంటుంది. ఈ అబ్బాయిది ఇంట్లో అడిగి తెచ్చిన డబ్బు, పాసయ్యాక ఎదురయ్యేది ఇంటర్వ్యూ. ఇద్దరికీ ఒకే సలహా ఎలా? నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఫ్రెషర్ రెజ్యూమేలో "ప్రొఫెషనల్" అని కనబడితే ప్రశ్నలు కష్టం చేస్తాను తప్ప తగ్గించను. మూడో నిమిషానికి తెలిసిపోతుంది.

నన్నడిగితే అతనికి ఈ పరీక్షే తొందర. గూగుల్‌దే అసోసియేట్ డేటా ప్రాక్టీషనర్ 125 డాలర్లు. అమెజాన్ డేటా ఇంజనీర్ అసోసియేట్ 150. మైక్రోసాఫ్ట్ వైపు వెళ్లేటట్టయితే, ఇంకా వాళ్ల డేటా ఇంజనీర్ పరీక్ష డీపీ-203 నేర్పుతామనేవాళ్లు తగిలితే దండం పెట్టి వచ్చేయండి. దాన్ని 2025 మార్చి 31తో ఆపేశారు, ఇప్పుడున్నది డీపీ-700.

మధురవాడ_కుర్రాడు:
అసోసియేట్ అంటే హెచ్ఆర్ లెక్కచేస్తారా అని అనుమానం సార్. ప్రొఫెషనల్ రాసి ఫెయిలైతే మళ్లీ ఎప్పుడు రాయనిస్తారు?

నైట్‌షిఫ్ట్_రుషికొండ:
14 రోజులు ఆగాలి. రెండోసారీ పోతే 60 రోజులు, మూడోసారీ పోతే ఏడాది. ప్రతిసారీ ఫీజు కొత్తగా కట్టాల్సిందే. ఇంట్లోంచి రాసేటట్టయితే గదిలోకి ఎవరూ రాకూడదు, అమ్మ కాఫీ పట్టుకొచ్చినా కెమెరాలో చూసే ప్రొక్టర్ ఆపేయొచ్చు. వర్షాకాలంలో కరెంటుని నమ్ముకోకు, సెంటర్‌కే వెళ్లు. రెండు గంటల పరీక్ష, ఒక్కో ప్రశ్నకి రెండు మూడు నిమిషాలే. టైమ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయనివాడు అక్కడే చస్తాడు. ఆ అలవాటు నాకు డంప్ వల్లే వచ్చింది, ఎవరేమన్నా.

పాత_పైప్‌లైన్:
ఆ అలవాటు గూగుల్ ఉచితంగా ఇచ్చే నమూనా ప్రశ్నలతోనూ వస్తుంది. తప్పు జవాబులు ఎందుకు తప్పో కూడా అందులో రాసి ఉంటుంది. నా దృష్టిలో సగం చదువు అదే.

మధురవాడ_కుర్రాడు:
అక్కా, శాండ్‌బాక్స్ తెరిచి వాతావరణం టేబుళ్లన్నీ కలిపి క్వెరీ రాశా. లిమిట్ 10 పెట్టినా స్కాన్ సైజు (చదివే డేటా) అంతే చూపిస్తోంది, తగ్గట్లేదు. ఇంకా రన్ నొక్కలేదు.

ఉక్కునగరం_సెక్టార్:
నొక్కకు, అదంతా నీ నెల కోటాలోంచి పోతుంది. లిమిట్ పెడితే చూపించే వరసలు తగ్గుతాయి, చదివేది తగ్గదు. అన్ని కాలమ్‌లూ అడిగే సెలెక్ట్ స్టార్ తీసేసి కావలసిన కాలమ్‌లే రాయి. టేబుల్ సఫిక్స్ (టేబుల్ పేరు చివరి ఏడాది) మీద షరతు పెట్టి 2014 ఒక్కటే తీసుకో.

నైట్‌షిఫ్ట్_రుషికొండ:
ఈ లిమిట్ ప్రశ్న డంప్‌లో కూడా ఉంది.

ఉక్కునగరం_సెక్టార్:
ఉంటే ఎందుకు తగ్గదో చెప్పండి మరి.

నైట్‌షిఫ్ట్_రుషికొండ:
డేటా కాలమ్‌ల వారీగా దాస్తారు కదక్కా, అడిగిన కాలమ్ మొత్తం చదివాకే పది వరసలు తీసి ఇస్తుంది. డంప్ చదివినవాడికి ఏమీ రాదనుకోకండి.