చలిదా, చల్దియా? ఒక పాస్తా సలాడ్ పేరు మీద చర్చ

పోపులపెట్టె:
సభ్యులందరికీ నమస్కారం. చైనా రుచులతో చల్లగా తినే పాస్తా సలాడ్ తయారీని తెలుగులో రాస్తున్నాను. తయారీ అంతా రాశాను గానీ, పేరు మాత్రం కుదరడం లేదు. పావు కిలో పాస్తాను ఉప్పు వేసిన నీళ్ళలో, వేడిగా తినేటప్పటికన్నా ఒక నిమిషం ఎక్కువే ఉడికించి, వెంటనే చన్నీళ్ళతో కడిగి, పైనున్న గంజి జిగురు పోయాక నీరంతా ఓడ్చి, కొద్దిగా నూనె పట్టించాలి. చల్లారితే పాస్తా బిగుసుకుంటుంది కనుక ఆ అదనపు నిమిషం అవసరం. అందులో సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, ఉప్పు రాసి పిండిన కీరదోస ముక్కలు వేసి, మూడు చెంచాల సోయా సాస్, రెండు చెంచాల వెనిగర్, ఒక చెంచా పంచదార, అల్లం వెల్లుల్లి తురుము, వేయించిన నువ్వుల నూనె ఒక చెంచా కలిపిన రసం పోయాలి. పల్లీలు, నువ్వులు, నూనెలో వేయించిన సన్నని పిండి రేకులు వడ్డించే ముందు మాత్రమే చల్లాలి. ముందే కలిపితే చెమ్మ పీల్చుకుని మెత్తబడతాయి.

దీన్ని "చల్లని పాస్తా" అంటే ఫ్రిజ్‌లో మరచిపోయిన పాస్తాలా వినిపిస్తోంది. భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి తినే ఘట్టంలోని పోతన గారి పద్యపాదం ఒకటి నాలుగు రోజులుగా నాలుక మీద ఆడుతోంది: "మీఁగడ పెరుగుతో మేళవించిన చలిది ముద్ద..." అక్కడున్నది చలిదియేనా, చల్దియా? ఆ మాట పులిసిన అన్నానికే కట్టుబడిందా, లేక చల్లగా కలుపుకుని తినే దేనికైనా చెల్లుతుందా? చెల్లితే "చల్ది పాస్తా" అని పెట్టేస్తాను.

యతిమైత్రి:
గణాలు విడదీసి చూస్తే సందేహానికి తావే ఉండదు. అది సీసపద్యం. "మీఁగడ" భగణం, "పెరుగుతో" నగం, "మేళవిం" రగణం, "చిన చల్ది" సలం. నాలుగు ఇంద్రగణాలూ కుదిరాయి, మీ-మేలకు యతీ కుదిరింది. మీరు రాసినట్టు "చిన చలిది" అంటే అయిదు లఘువులు వరసగా వచ్చి పడతాయి. అయిదు లఘువుల ఇంద్రగణం లేదు కనుక పోతన అక్కడ రాసింది చల్ది మాత్రమే. ఆ ముందరి శార్దూల పద్యంలో కూడా "రండో బాలకులార! చల్ది గుడువన్" అనే ఉంది, "రచల్ది" జగణం కావాలి కాబట్టి అక్కడ చలిదికి చోటు లేదు. పాస్తాకు ఈ మాట చెల్లుతుందో లేదో మాత్రం ఛందస్సు చెప్పదు.

కవ్వం:
యతిమైత్రి గారూ, గణం కోసం కవి ఏ రూపం వాడాడన్నది వేరు, మాట ఎక్కడ పుట్టిందన్నది వేరు. నా మట్టుకు నాకు చల్ది పుట్టింది "చలి" నుంచి కాదు, "చల్ల" నుంచి. చల్ల అంటే మజ్జిగ. రాత్రి అన్నంలో చల్ల పోసి ఉంచితే తెల్లారేసరికి అయ్యేది చల్ది. పులుపు లేనిది చల్ది కాదమ్మా. మీ సలాడ్‌లో వెనిగర్ ఉంది కనుక పులుపుకు లోటు లేదు గానీ, అది సీసాలోంచి వంపిన పులుపు, గిన్నెలో పుట్టిన పులుపు కాదు. ఆ తేడా మాటకు తెలుసు.

మూలధాతువు:
కవ్వం గారి వాదం రుచిగా ఉంది కానీ నిలవదు. వలదు, వల్దు, వద్దు అన్న వరస మనందరికీ తెలిసినదే. చలిది, చల్ది, చద్ది అన్నది అక్షరాలా అదే దారి. నడుమ అచ్చు జారిపోయింది, ఆపైన లకారం దకారంలో కలిసిపోయింది. చల్ల నుంచి వచ్చి ఉంటే ద్విత్వ లకారం జాడ ఎక్కడో ఒకచోట మిగలాలి, "చల్లది" అన్న రూపం ఏ పాత పద్యంలోనైనా కనబడాలి. అన్నిటికీ మించి, ఆ పాదాన్నే మరోసారి చదవండి. "మీఁగడ పెరుగుతో మేళవించిన చల్ది" అన్నాడు. చల్దిలో చల్ల అప్పటికే ఉంటే, దాన్ని మళ్ళీ పెరుగుతో మేళవించడం దేనికి? పెరుగు కలపకముందే అది చల్ది. కాబట్టి చల్దికి పెరుగుతోనూ మజ్జిగతోనూ సంబంధం లేదు, చల్లదనంతోనే సంబంధం. ఆ లెక్కన చన్నీళ్ళతో కడిగిన పాస్తా నిక్షేపంగా చల్దే.

కవ్వం:
మజ్జిగన్నంలో మళ్ళీ మీగడ పెరుగు వేసుకునేవారిని మీరు ఎన్నడూ చూడలేదా? మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నారు.

తంగేడు:
ఈ చర్చలో తెలంగాణ మాట ఒక్కటీ వినబడకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మా దగ్గర అది సద్ది. సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు చెరువు గట్టుకు తీసుకుపోయే సద్దులను తలచుకోండి. పెరుగు సద్ది, చింతపండు పులిహోర సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది: ఇందులో ఏదీ రాత్రి మిగిలినది కాదు, ఏదీ పులియబెట్టినది కాదు. ఆ రోజే వండి, ఆరబెట్టి, కలిపి, గిన్నెలకెత్తి, బతుకమ్మను నీళ్ళలో విడిచాక పంచుకుని తినేవి. అంటే సద్దికి ప్రాణం పులుపులో లేదు, పాతదనంలో లేదు, చలిలో కూడా లేదు. కలపడంలోనూ, కట్టుకుని పోవడంలోనూ ఉంది. "సద్ది కట్టుడు" అన్న మాటే సాక్ష్యం. పైగా నువ్వుల సద్దిని చూడండి: ఆరిన అన్నంలో వేయించి దంచిన నువ్వుల పొడి, ఉప్పు, కారం కలిపి పైన తిరగమోత వేస్తాం. అన్నం తీసేసి గోధుమ పిండి పోగులు పెడితే పోపులపెట్టె గారి వంటకానికి మేనత్త కూతురు అవుతుంది.

పోపులపెట్టె:
తంగేడు గారూ, నువ్వుల సద్ది ప్రస్తావన నాకు చాలా పనికొచ్చింది. వేయించిన నువ్వుల నూనె అన్ని ఊళ్ళలో దొరకదు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది కనుక ఆ మాడు వాసన రాదు. దానికి బదులు నువ్వులు దోరగా వేయించి దంచి కలపమని రాయవచ్చు. అయితే రాత్రంతా ఉంచడం గురించి ఒక మాట చెప్పాలి. అన్నం చల్ది నీళ్ళలో నానుతుంది కనుక మెత్తబడి పులుస్తుంది. ఇదేమో ఫ్రిజ్‌లో ఉండాలి, పొయ్యి గట్టు మీద రాత్రంతా వదలకూడదు. ఫ్రిజ్‌లోనేమో గంజి బిగుసుకుని పాస్తా గట్టిపడుతుంది, క్యాబేజీ నీరు వదిలి రసం పలచబడుతుంది. కాబట్టి రాత్రికి పాస్తాను, రసాన్ని, తరిగిన కూరలను వేర్వేరుగా ఉంచి ఉదయం కలుపుకోమని రాశాను. మరి చల్ది అంటే రాత్రి దాటినదే అనేవారి లెక్కలో నా వంటకం సగమే చల్ది అవుతుందేమో.

సిచువాన్ మిరియం:
నేను వైద్యవిద్య చదివింది చెంగ్డూలో. అక్కడ వీధి బండి మీద అమ్మే చల్లని నూడుల్సును లియాంగ్‌మియెన్ అంటారు. మియెన్ అంటే గోధుమ పిండి పోగులు, లియాంగ్ అంటే చల్లన. అయితే చైనా భాషలో మంచులాంటి చలికి లెంగ్ అని వేరే మాట ఉంది. లియాంగ్ అనేది ఎండ వేళ చెట్టు నీడ ఇచ్చే హాయి వంటి చల్లదనం. నూడుల్సును చాలామంది చన్నీళ్ళలో కడగరు. ఉడికీ ఉడకగానే వెడల్పాటి పళ్ళెంలో పరిచి, నూనె పట్టించి, పోగులు విడదీస్తూ విసిరి ఆరబెడతారు. కడిగితే రసం పట్టదని వారి నమ్మకం. పైన సోయా సాస్, నల్ల వెనిగర్, పంచదార, వెల్లుల్లి నీళ్ళు, మిరప నూనె, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాల పొడి. కరకర కోసం కీరదోస పోగులు, మొలకలు, దంచిన పల్లీలు. వేయించిన పిండి రేకులు చల్లడం ప్రధానంగా అమెరికాలోని చైనా హోటళ్ళ అలవాటు, చెంగ్డూలో నాకు అది కనబడలేదు. కాబట్టి "చైనా వంటకం" అనకుండా "చైనా రుచులతో" అన్న పోపులపెట్టె గారి జాగ్రత్త సరైనదే. నా ప్రశ్న ఏమిటంటే, మన చల్ది లియాంగా, లెంగా? విసిరి ఆరబెట్టడమే చల్ది అయితే తంగేడు గారి సద్దులు, చెంగ్డూ బండి నూడుల్సు ఒక్క బడిలో చదువుకున్నట్టే.

యతిమైత్రి:
లియాంగ్, లెంగ్ సంగతి నాకు తెలియదు గానీ, మీరు కరకర అనగానే మూలంలోని ఒక విశేషణం గుర్తుకొచ్చింది. భాగవతంలో ఈ ఘట్టానికి వ్యాసుల శ్లోకపాదం "వామే పాణౌ మసృణకవలం తత్ఫలాన్యంగులీషు". మసృణం అంటే నున్ననిది, మెత్తనిది, జిడ్డుగా జారేది. ఎడమ చేతిలో ఆ నున్నని ముద్ద, వేళ్ళ మధ్య పండ్లు. మూలంలో ఇంతే ఉంది. పోతన ఏం చేశాడో చూడండి. మసృణాన్ని మీగడ పెరుగుగా మార్చి, పండ్లను తీసేసి "చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుఁగాయలు వ్రేళ్ళ సందుల యందు వెలయ నిఱికి" అన్నాడు. సంస్కృతంలో మెత్తనిదాని పక్కన మెత్తనిదే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి మెత్తని ముద్ద పక్కన కొరుక్కునే ముక్క వచ్చి కూర్చుంది. తెలుగువాడి నోటికి జత కుదిరినది అక్కడే. నూనె పట్టించిన పాస్తా మసృణం, దాని పక్కన పల్లీ, క్యాబేజీ. పోపులపెట్టె గారి గిన్నెలోనూ అదే జత. చల్ది అన్న మాటకు ఈ జతే అర్థమని నేను వాదించను, కానీ ఆ పద్యాన్ని పేరుకు ఆధారంగా తీసుకునే హక్కు ఈ వంటకానికి పూర్తిగా ఉంది.

అదే ఘట్టంలోని మరో సీసపద్యాన్ని కూడా వదలలేకపోతున్నాను. "మాటిమాటికి వ్రేలు మడిఁచి యూరించుచు నూరుఁగాయలు దినుచుండు నొక్కఁడు" అన్నచోట ఊరించడమూ ఊరుగాయా ఒకదాని వెంట ఒకటి రావడంలో, చదువుతున్నవాడికే నోట నీళ్ళూరతాయి. ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగేసి, చూడు, లేదని నోరు తెరిచి చూపిస్తాడు. ఇంత సందడిలో వ్యాకరణం అడిగేవాడు ఒక్కడూ లేడు.

మూలధాతువు:
వ్యాకరణం అడిగేవాడు ఇక్కడ ఒకడున్నాడు. చల్లదనమే మూలార్థం అనడానికి ఎదుటి మాట చూడాలి. శ్రీనాథుడిదిగా చెప్పుకునే పల్నాటి చాటువులో, పూతన విషం తాగావని, దవాగ్ని మింగావని నిక్కుతున్నావు గానీ "తింత్రిణీ పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో" ఒక్క ముద్ద దిగమింగు చూద్దాం అని సాక్షాత్తూ కృష్ణుడికే సవాలు విసిరాడు. అక్కడ ఉడుకు అంటే ఉడికించిన అని కొందరు అర్థం చెబుతారు, నేను ఒప్పుకోను. ముందు దవాగ్ని మాట వచ్చింది కనుక నాలుక కాలే వేడి అనే అర్థమే చమత్కారానికి బలం. పోతన కృష్ణుడికి చల్ది పెట్టాడు, శ్రీనాథుడు అదే కృష్ణుడికి ఉడుకు పెట్టాడు. ఉడుకుకు ఎదురు చల్ది. తూకం సరిపోయింది.

తంగేడు:
తూకం మీ త్రాసులో సరిపోయింది. ఉడుకు అన్నది విశేషణం, బచ్చలిశాకానికి ముందు వచ్చింది. మా సద్ది విశేషణం కాదు, వంటకం పేరు. అందుకే చివర వస్తుంది. నువ్వుల సద్ది, పెరుగు సద్ది అంటాం గానీ సద్ది నువ్వులు, సద్ది పెరుగు అనం. సద్ది పెరుగు అంటే నిన్నటి పెరుగని అర్థం మారిపోతుంది. కనుక "చల్ది పాస్తా" అంటే నిన్నటి పాస్తా అనే వినిపిస్తుంది; పోపులపెట్టె గారు తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా ఆ అర్థాన్నే కదా. "పాస్తా సద్ది" అనండి. ఆ రోజే కలిపినదని, కట్టుకుని పోవచ్చునని, వేడి చేయనక్కర లేదని మూడూ ఒక్క మాటలో వస్తాయి.

కవ్వం:
పాస్తా సద్ది అంటే గోదావరి ఒడ్డున ఒక్కరికీ అర్థం కాదు. మాకు చద్ది అంటే చద్దన్నమే, చద్దివేళ అంటే పొద్దుటి పూటే. అయినా ఇంతమంది ఇంత రాశారు గానీ, వెనిగర్‌కు బదులు పుల్లమజ్జిగ మీద తేట పోసి చూశారా ఎవరైనా?

పోపులపెట్టె:
కవ్వం గారూ, సోయా సాస్ పక్కన మజ్జిగ తేట నాకు నచ్చదు, నిమ్మరసమైతే ఒప్పుకుంటాను. తంగేడు గారి వరస మార్పు బాగుంది. మిరియం గారి మాట ప్రకారం పాస్తాను కడగకుండా విసిరి ఆరబెట్టి చూశాను. పొడవాటి స్పఘెట్టీకి అది బాగా కుదిరింది, రసం బాగా పట్టింది. సుళ్ళు తిరిగిన పొట్టి పాస్తాకు మాత్రం సందుల్లో జిగురు మిగిలి ముద్దకట్టింది కనుక దాన్ని కడగమనే రాస్తాను. పేరు దగ్గర మాత్రం చల్ది ముందుండాలా, వెనకుండాలా అన్నది ఇంకా తేలలేదు.

మూలధాతువు:
ముందే ఉండాలి. "చల్దిముద్ద" అన్నప్పుడు పోతన ముందే పెట్టాడు.

యతిమైత్రి:
అది సమాసం కనుక ముందు వచ్చింది. "చల్ది గుడువన్" అన్నచోట అది శుద్ధ నామవాచకం, క్రియకు కర్మ. ఒకే కవి రెండు విధాలా వాడినప్పుడు ఒకదాన్నే పట్టుకుని వాదించడం ఎలా కుదురుతుంది? పైగా "పాస్తా సద్ది" అన్నది షష్ఠీ సమాసమా, కర్మధారయమా? ముందు అది చెప్పండి.