నవగ్రహాలు, ప్లానెట్లు ఒకటేనా? "ప్లానెట్" అన్న మాట ఎక్కడిది?

పాలపుంత (ప్రశ్న):
సౌరకుటుంబం పాఠం దగ్గర పిల్లలు తప్పకుండా అడిగేది ఇది: నవగ్రహాలు తొమ్మిది, ప్లానెట్లూ తొమ్మిదే ఉండేవి, మరి ప్లూటోను తీసేశాక నవగ్రహాల్లో ఏది పోయినట్టు? "ప్లానెట్" అంటే అసలు అర్థం ఏమిటి? మన "గ్రహం" దానికి సరిపోతుందా?

క్రాంతివృత్తం:
ఏదీ పోలేదండీ. ప్లూటో నవగ్రహాల్లో ఎప్పుడూ లేదు. రెండు జాబితాల్లోనూ తొమ్మిదే ఉండటం కాకతాళీయం.

బోర్డు మీద రెండూ పక్కపక్కన రాయించండి. నవగ్రహాల్లో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. రాహుకేతువులు అసలు వస్తువులే కావు. ఆకాశంలో సూర్యుడి దారి, చంద్రుడి దారి ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులవి. అమావాస్యో పౌర్ణమో వాటి దగ్గర పడితేనే గ్రహణం. ఆ బిందువులు వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. ఇక మిగిలేవి బుధ, శుక్ర, కుజ, గురు, శని. ఈ ఐదే రెండు జాబితాల్లోనూ ఉంటాయి. భూమి, యురేనస్, నెప్ట్యూన్ నవగ్రహాల్లో లేవు.

"ప్లానెట్" గ్రీకు మాట, లాటిన్ మీదుగా వచ్చింది. "ప్లనేతెస్ ఆస్తెరెస్" అంటే తిరుగాడే చుక్కలు. సూర్యచంద్రులతో కలిపి వాళ్లకు ఏడు. మన వారాల పేర్లూ ఆ ఏడింటివే. భూమి కదలదనుకున్నారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 1543లో కోపర్నికస్ గ్రంథం అచ్చయ్యాకే ఈ లెక్క మారడం మొదలైంది. "గ్రహం" దారి వేరు. "గ్రహ్" ధాతువుకు పట్టుకోవడం అని అర్థం. గ్రహణం, పాణిగ్రహణం అందులోంచి వచ్చినవే. సూర్యుణ్ణి పట్టే రాహువును గ్రహం అనవచ్చు, తిరుగాడే చుక్క అనలేం. కాబట్టి పంచాంగంలోని గ్రహాన్ని ప్లానెట్ అని అనువదించకండి. సైన్సు పాఠంలో మాత్రం ప్లానెట్‌ను గ్రహం అనడం స్థిరపడిపోయింది, అందులో తప్పేమీ లేదు.

మఖ_పుబ్బ:
తిరుగాడడాన్ని కళ్లతోనే చూపించవచ్చు. 2027 ఫిబ్రవరి 19న అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, సింహరాశిలో మఖ నక్షత్రం దగ్గర ఉంటాడు. జనవరి మధ్య నుంచి మార్చి నెలాఖరు దాకా వారానికోసారి మఖనూ, చుట్టూ నాలుగైదు చుక్కలనూ కాగితం మీద గుర్తించి, ఎర్రటి అంగారకుడి చోటు పెట్టించండి. ఫిబ్రవరిలో వారానికి దాదాపు మూడు డిగ్రీలు వెనక్కి, అంటే పడమటికి జరుగుతాడు. చెయ్యి చాచి పట్టుకుంటే చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. పంచాంగంలో వక్రగతి అనేది ఇదే: లోపలి దారిలో వేగంగా వెళ్లే భూమి అంగారకుణ్ణి దాటిపోవడం వల్ల అలా కనిపిస్తుంది.

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఒకచోట: చెట్టునో మేడనో గుర్తు పెట్టుకుంటారు. ఆకాశం మొత్తం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ గుర్తు పనికిరాదు. చుక్కలతోనే పోల్చాలి.

నిదానంగా నడిచేవాటి లెక్క తెలుగువాళ్ల నోట్లోనే ఉంది. గురుడు రాశికి సుమారు ఏడాది చొప్పున పన్నెండేళ్లకు చుట్టు తిరుగుతాడు; 2015లో సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరి పుష్కరాలు, 2016లో కన్యలోకి వెళితే కృష్ణా పుష్కరాలు. శనికి చుట్టు 29.5 ఏళ్లు, రాశికి రెండున్నర, మూడు రాశులకు ఏడున్నర. ఏలినాటి శని లెక్క అదే.

పాలపుంత:
మరి ప్లూటో? నెప్ట్యూన్ దారిని దాటుతుంది కాబట్టి తీసేశారంటారు.

క్రాంతివృత్తం:
అది తప్పండీ. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రబడాలి, తన కక్ష్య పరిసరాల్లో పెత్తనం తనదై ఉండాలి. ప్లూటో మూడోదాని దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే దాని చుట్టూ, నెప్ట్యూన్ అవతల ఉన్న కైపర్ పట్టీ నిండా అలాంటి మంచు ముద్దలే. 2005లో దొరికిన ఎరిస్ ద్రవ్యరాశి ప్లూటో కంటే నాలుగో వంతు ఎక్కువ. ప్లూటోను ఉంచితే దాన్నీ చేర్చాలి. ఇది మొదటిసారి కూడా కాదు. 1801లో కనుక్కున్న సెరిస్‌ను దశాబ్దాల పాటు గ్రహమే అన్నారు. పక్కనే మరిన్ని బయటపడుతూ పోయేసరికి గ్రహశకలాల్లో చేర్చారు. ఇప్పుడు సెరిస్, ప్లూటో, ఎరిస్ మూడూ మరుగుజ్జు గ్రహాలు.

మూడో షరతంటే దారి పూర్తిగా ఖాళీగా ఉండాలని కాదు. గురుడి దారిలోనూ వేల శకలాలున్నాయి, కానీ వాటిని నడిపించేది గురుడి ఆకర్షణే. నెప్ట్యూన్‌కూ ప్లూటోకూ మధ్య ఉన్నదీ అదే: నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుంది, రెండూ ఎన్నడూ దగ్గరికి రావు.