నాన్న బతికే ఉన్నారు, కానీ ఆయన ఫోన్ ఎవరికీ తెరుచుకోవడం లేదు

మధ్యాహ్నంవాన
నాన్నకు స్ట్రోక్ వచ్చి ఇవాల్టికి 19 రోజులు. స్పృహలోనే ఉన్నారు, అందర్నీ గుర్తుపడుతున్నారు, మాట మాత్రం రావడం లేదు, కుడిచెయ్యి కదలడం లేదు. ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది కానీ పిన్ నంబర్ తెలీదు. ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటర్నెట్ బిల్లు, పాత స్నేహితులతో కలిసి పదేళ్లుగా నడుపుతున్న వెబ్‌సైట్ డొమైన్ (అంటే సైటు అడ్రసు), అన్నీ ఆ ఫోన్‌కీ ఆ మెయిల్‌కీ ముడిపడి ఉన్నాయి. వేలిముద్రతో తెరుద్దామంటే మొదటి రోజు ఆస్పత్రి హడావిడిలో ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ముందు పిన్ కొట్టమంటోంది, అది కొడితే తప్ప వేలిముద్ర తీసుకోదట. మెయిల్ ఎలా చూడాలి, డొమైన్ పోకుండా ఎలా ఆపాలి, నెలనెలా దానంతటదే కట్ అయ్యే డబ్బులు ఎలా పట్టుకోవాలి? ఇంకోటి, రేపు నాకే ఇలా జరిగితే నా పిల్లలు ఈ తిప్పలు పడకుండా ఇప్పుడే ఏం చేసి పెట్టాలి? చనిపోయినవాళ్ల అకౌంట్ల గురించి ఎక్కడ చూసినా ఉంది. బతికుండి చెప్పలేకపోతున్నవాళ్ల సంగతే దొరకడం లేదు.

కాగితంకలం
నాన్నగారు త్వరగా కోలుకోవాలి. మీ చివరి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే, నోట్‌బుక్. మా అమ్మ పోయాక మాకు ఏ ఇబ్బందీ రాలేదంటే అది ఆవిడ రాసిపెట్టిన రూళ్ల పుస్తకం వల్లే. ఎడమవైపు సైటు పేరు, కుడివైపు పాస్‌వర్డ్, మార్చినప్పుడల్లా పాతది కొట్టేసి కింద కొత్తది, పక్కన తేదీ. ఒక పేజీలో అయితే నీలం, నలుపు, ఆకుపచ్చ ఇంకుల్లో ఐదు కొట్టివేతలున్నాయి. రెండు రోజుల్లో అన్నీ తెరిచాం, కావలసినవి దాచుకున్నాం, మిగతావి మూసేశాం. రాసి బీరువాలో పెట్టండి, ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి. ఏ యాప్ అక్కర్లేదు.

సర్వర్‌రూమ్
20 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందుకే చెప్తున్నా. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయమనడం అంటే తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీయమనడమే. పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి, అంటే పాస్‌వర్డ్‌లన్నీ ఒకే మాస్టర్ పాస్‌వర్డ్ వెనకాల దాచే యాప్. అలాంటిదే బిట్‌వార్డెన్, దానిలో ఎమర్జెన్సీ యాక్సెస్ అని ఉంది. నమ్మినవాళ్లను ముందే చేర్చి, వాళ్లు అడిగిన తర్వాత ఎన్ని రోజులు ఆగాలో మనమే పెట్టుకోవచ్చు, ఒక రోజు నుంచి 90 రోజుల దాకా. ఆలోగా మనం కాదనకపోతే వాళ్లకు తెరుచుకుంటుంది. డెత్ సర్టిఫికెట్‌తో పని లేదు కాబట్టి కోమాలో ఉన్నా పనిచేస్తుంది.

చిన్నక్క
మా ఆయన పోయి రెండేళ్లు. నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదని రాస్తున్నా. అందరూ ఫోన్ బిల్లు దండగ అన్నారని రెండు వారాలకే ఆయన నంబర్ రద్దు చేయించాను. పాస్‌వర్డ్‌లు నాకు తెలుసు, అయినా ఒక్కటీ తెరుచుకోలేదు, ఎందుకంటే ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వెళ్తాయి. కొన్ని నెలలకు ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేశారు. ఒకరోజు ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. పాపం మర్యాదగానే మాట్లాడాడు, కానీ నా గుండె ఆగినంత పనైంది. మా పెళ్లినాటి నుంచి ఉన్న ఫోటోలు ఆ అకౌంట్‌లోనే ఉండిపోయాయి. ఏం చేసినా చేయకపోయినా సిమ్ మాత్రం బతికించి ఉంచండి.

కాగితంకలం
సర్వర్‌రూమ్ గారూ, గుమ్మానికి వేలాడదీయమని నేను అనలేదు, బీరువాలో పెట్టమన్నాను. మా ఇంటి బీరువాలోకి వచ్చే దొంగ బంగారం చూస్తాడు గానీ మా అమ్మ చేతిరాత చదువుతూ కూర్చోడు. ప్రపంచంలో ఏ మూలనో కూర్చుని పాస్‌వర్డ్‌లు కొట్టేసేవాడికి మా బీరువా అందదు.

సర్వర్‌రూమ్
దొంగ సంగతి కాదండీ. ఇంట్లోకి వచ్చేపోయే బంధువుల సంగతి. పనులు చూసిపెట్టేవాళ్ల సంగతి. చేతిలో పుస్తకం ఉంటే డబ్బు తరలించడానికి ఐదు నిమిషాలు చాలు, రాసినావిడకు తెలియను కూడా తెలియదు. ఎమర్జెన్సీ యాక్సెస్‌లో ఎవరు అడిగినా మనకు మెయిల్ వస్తుంది, పుస్తకం తెరిస్తే ఎవరు చెప్తారు? మీకు కలిసొచ్చింది కదా అని అందరికీ అదే చెప్పకండి.

కాగితంకలం
కలిసిరావడం కాదు, మా అమ్మ శ్రద్ధ అది. 74 ఏళ్ల మనిషి ఎవరి సాయం లేకుండా చేసిన పనిని ఇలా తీసిపారేస్తుంటే బాధగా ఉంది. మీరు చెప్పే యాప్‌కి మాస్టర్ పాస్‌వర్డ్ ఒకటుంటుంది కదా, అది మీ ఇంట్లో ఎవరికి తెలుసు?

లెక్కలగది
ఇద్దరూ కాస్త ఆగండి. నోట్‌బుక్‌తో అసలు చిక్కు దొంగలు కాదు, తాజాగా ఉండకపోవడం. మా అన్నయ్యా రాసిపెట్టాడు, 31 పాస్‌వర్డ్‌లలో 12 పాతవి. పైగా ఇప్పుడు ఫోన్ లాక్‌తోనే సైటు తెరిచే పాస్‌కీలు వచ్చాయి, వాటిలో రాసుకోవడానికి పాస్‌వర్డే ఉండదు. కాబట్టి కాగితం మీద నాలుగే రాయండి: ఫోన్ పిన్, ప్రధాన మెయిల్ పాస్‌వర్డ్, మేనేజర్ మాస్టర్ పాస్‌వర్డ్, ఓటీపీ రాకపోయినా లోపలికి వెళ్లడానికి సైట్లు ముందే ఇచ్చే రికవరీ కోడ్‌లు. ఇవి ఉంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. వీలునామాలో మాత్రం రాయొద్దు. చాలా దేశాల్లో కోర్టుకు వెళ్లాక వీలునామా ఎవరైనా చూడగలిగే పత్రం అయిపోతుంది.

రాత్రిడ్యూటీ
క్రిప్టో సంగతి ఎవరూ ఎత్తలేదు. నా క్రిప్టో వాలెట్‌ను తిరిగి తెరిచే 24 పదాలను రెండు ముక్కలు చేసి, 12 మా తమ్ముడికి, 12 మా బావకు ఇచ్చాను. కెనడాలో క్వాడ్రిగా అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నడిపిన జెరాల్డ్ కాటెన్ 2018 డిసెంబర్‌లో చనిపోతే వాలెట్లు తెరిచే రహస్య కీలు ఆయనొక్కడికే తెలుసట, వేలమంది డబ్బు చిక్కుకుపోయింది. అలా కాకూడదని.

సర్వర్‌రూమ్
రెండూ తప్పే. కాటెన్ కేసులో కీలు పోవడం కాదు అసలు సంగతి, కస్టమర్ల డబ్బు ఆయన బతికుండగానే ఊడ్చేశాడని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది. ఇక మీ 12, 12 పద్ధతిలో ఇద్దరిలో ఒక్కరి కాగితం పోయినా మొత్తం పోయినట్టే. పంచాలంటే ఆది షమీర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1979లో చెప్పిన పద్ధతి ఉంది. మూడు భాగాలు చేస్తే ఏ రెండు కలిసినా చాలు, ఒక్కటి దొరికినవాడికి ఏమీ తెలియదు. దాన్ని నేరుగా చేసిచ్చే వాలెట్లున్నాయి. చేత్తో ముక్కలు చేయకండి.

రాత్రిడ్యూటీ
మా తమ్ముడు కాగితం పోగొట్టుకునే మనిషి కాదు.

చిన్నక్క
తమ్ముడు పోగొట్టుకోకపోవచ్చు నాన్నా, ఇల్లు మారేటప్పుడు పోతుంది. మాకు అలాగే పోయింది.

తూర్పుకిటికీ
అసలు అడిగినామెను వదిలేశారు. మధ్యాహ్నంవాన గారూ, ఆపిల్ లెగసీ కాంటాక్ట్, అంటే మనం పోయాక మన అకౌంట్ చూడటానికి ముందే పెట్టుకునే మనిషి, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15.2తో 2021 చివర్లో వచ్చింది, ఐదుగురిని పెట్టుకోవచ్చు. కానీ దానికి యాక్సెస్ కీతో పాటు డెత్ సర్టిఫికెట్ కూడా కావాలి, కాబట్టి మీ నాన్నగారి విషయంలో పనికిరాదు. అదే ఆపిల్‌లో రికవరీ కాంటాక్ట్ వేరే ఉంది, అది బతికున్నవాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోతే సాయపడేది. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. ఎన్ని నెలలు వాడకపోతే మన డేటాను మనం చెప్పినవాళ్లకు అందించాలో పెట్టుకోవచ్చు, కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 18. పదిమంది దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఫోటోలు, ఎవరికి మెయిల్ అని విడివిడిగా. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఆండ్రాయిడ్ ఫోన్ దానంతటదే గూగుల్‌ను పలకరించే చెక్-ఇన్‌లనూ అది వాడకం కిందే చూస్తుంది. ఆ మనిషి ఫోన్‌ను జ్ఞాపకంగా ఛార్జింగ్‌లో ఉంచి నెట్ ఆన్‌లోనే వదిలేస్తే ఆ గడువు మొదలవకపోవచ్చు. ఏమీ పెట్టుకోకుండా రెండేళ్లు వాడకపోతే మామూలు అకౌంట్‌ను మొత్తం తీసేయొచ్చని 2023లో నిబంధన పెట్టారు.

లెక్కలగది
డబ్బు కట్ అయ్యేవాటికి మెయిల్ అక్కర్లేదు. గత 13 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, కార్డు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చోండి. 12 కాదు 13, ఎందుకంటే ఏడాదికోసారి కట్ అయ్యేవి తేదీ అటూ ఇటూ అయి జారిపోతాయి. కంగారులో కార్డు మాత్రం రద్దు చేయకండి, డొమైన్ రెన్యువల్ దాని మీదే ఉండొచ్చు.

పాతరేడియో
పిన్ తెలీకపోతే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయండి, మెయిల్ దగ్గర పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి, ఓటీపీ వస్తుంది, అయిపోయింది. మా మామయ్యకు ఇలాగే చేశాం, పది నిమిషాల పని. ఇంత చర్చ ఎందుకో అర్థం కావడం లేదు.

తూర్పుకిటికీ
ఆయన బతికున్నారు. స్పృహలో ఉన్నారు. అడగకుండా ఆయనలా నటించి లోపలికి వెళ్లమంటున్నారా? చాలా చోట్ల అది నేరం కూడా.

పాతరేడియో
కూతురండీ. పరాయిది కాదు. బిల్లులు ఆగిపోతుంటే చట్టం పుస్తకం తెరుచుకుని కూర్చుంటారా?

తూర్పుకిటికీ
కూతురైనా సరే. నా తల్లిదండ్రులు నా డైరీ చదివారు, నేను హాస్టల్‌లో ఉండగా, నా మంచికే అనుకుని. పదిహేనేళ్లయింది, ఇప్పటికీ వాళ్లతో మనసు విప్పి మాట్లాడలేను. చనిపోయినవాళ్ల విషయంలోనే ఇది తేలని సంగతి. బెర్లిన్‌లో రైలు కింద పడి చనిపోయిన 15 ఏళ్ల అమ్మాయి ఫేస్‌బుక్ అకౌంట్ కోసం తల్లిదండ్రులు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. ఉత్తరాలూ డైరీలూ వారసులకు వచ్చినట్టే ఇదీ వస్తుందని 2018 జులైలో జర్మనీ ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. ఆ తల్లిదండ్రుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ అమ్మాయికి మెసేజ్‌లు పంపిన స్నేహితురాళ్లు, ఆమె తల్లి చదువుతుందని అనుకుని పంపలేదు కదా.

చిన్నక్క
నేను ఆయన మెసేజ్‌లు అడగలేదమ్మా. ఫోటోలు అడిగాను. రెండూ ఒకే తాళం వెనకాల పెట్టడం మన తప్పు కాదు. ఫోటోలు ఇంట్లో అందరికీ కనిపించే ఆల్బమ్‌లో, సొంత మాటలు విడిగా, ఇలా బతికుండగానే వేరు చేసుకుంటే ఈ గొడవే ఉండదు. ఇప్పుడు నేను నెలకోసారి మా అబ్బాయితో కూర్చుని ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నా.

పాతరేడియో
నా మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. మామయ్య మెయిల్ తెరిచినప్పుడు మేం చూడకూడనిది ఒకటి చూశాం. అత్తయ్యకు ఇప్పటికీ చెప్పలేదు. అదొకటి ఉంది.

లెక్కలగది
పవర్ ఆఫ్ అటార్నీ గురించి ఎవరైనా అడిగేలోపు నేనే చెప్తా. చాలా దేశాల్లో మామూలు పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషి తెలివి కోల్పోగానే చెల్లదు. కొన్ని దేశాల్లో అప్పుడు కూడా చెల్లేలా వేరే రకం రాసుకోవచ్చు. మనిషి పోయాక ఏ రకమూ చెల్లదు, అక్కడి నుంచి వీలునామాదే పని. నాన్నగారు అన్నీ అర్థం చేసుకుంటున్నారు కాబట్టి లాయర్‌ను ఈ వారమే కలవండి.

తూర్పుకిటికీ
ఫేస్‌బుక్ లెగసీ కాంటాక్ట్ కూడా ఇప్పుడే పెట్టుకోండి. మనం పోయాక ఆ మనిషి మన పేజీని చూసుకుంటారు, ప్రొఫైల్ ఫోటో మార్చగలరు, మన మెసేజ్‌లు మాత్రం చదవలేరు. నాకు నచ్చిన పద్ధతి అదొక్కటే.

మధ్యాహ్నంవాన
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా ఇటు రాలేకపోయాను. సిమ్ తీయలేదు. స్పీచ్ థెరపిస్ట్ ఒక అట్ట ఇచ్చారు, దాని మీద అక్షరాలు, అంకెలు పెద్దగా ఉంటాయి. నాన్న ముందు పట్టుకుని "ఫోన్ పిన్ చెప్తారా నాన్నా?" అని అడిగాను. ఎడమ చూపుడువేలితో 6 చూపించారు, తర్వాత 1, తర్వాత మళ్లీ 1. నాలుగోది 3 మీద పెట్టి 8 మీదికి జరిపారు, మళ్లీ 3 మీదికి. అలిసిపోయి కళ్లు మూసుకున్నారు. వరుసగా తప్పు కొడితే ఫోన్ పూర్తిగా లాక్ అయిపోతుందని భయపడి మర్నాడు పొద్దున దాకా కొట్టలేదు. ఆయన లేచాక ఎదురుగానే 3తో కొట్టాను, కాలేదు. 8తో తెరుచుకుంది. డొమైన్ గడువు ఇంకా 11 రోజులుంది, ఆ మంచం పక్కనే కూర్చుని ఐదేళ్లకు కట్టేశాను. ప్రీమియం కూడా కట్టాను. తర్వాత ఇంకేమైనా బిల్లులున్నాయేమోనని మెసేజ్‌లు తెరవబోతే నాన్న ఎడమచెయ్యి తెచ్చి స్క్రీన్ మీద పెట్టారు. గట్టిగానే పెట్టారు. మూసేశాను. తూర్పుకిటికీ గారూ, మీరు రాసింది అప్పుడు గుర్తొచ్చింది.

సర్వర్‌రూమ్
చాలా సంతోషం. కాగితంకలం గారూ, మీరు అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. నా మాస్టర్ పాస్‌వర్డ్ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా పెట్టింది మా ఆఫీసు స్నేహితుణ్ణి, అతనితో మాటలు లేక మూడేళ్లయింది. నిన్న రాత్రి మా ఆవిడ పేరు చేర్చాను. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించి బీరువాలో పెట్టాను.

కాగితంకలం
కవర్ మీద తేదీ వేశారా?

సర్వర్‌రూమ్
లేదు. ఇప్పుడే వేస్తాను.