‘సింక్ తప్పింది’ని తెలుగులో ఏమందాం?

నిన్న ‘సింక్’కి, అంటే బొమ్మా శబ్దం వేళ తప్పకుండా కలిసి నడవడానికి, తెలుగు మాట అడిగితే ఎక్కువమంది ‘సమకాలీకరణ’ అన్నారు. కంప్యూటర్లలో కనిపించే మాటే. కానీ అది వింటే నాకు సమకాలీన కవులు గుర్తొస్తారు. వీడియోలో జరిగేది వేరు.

పోయిన నెల అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వీహెచ్ఎస్ కెమెరాతో తీసింది. అమ్మని దగ్గరగా చూపించిన చోట బాసికం ఒక పక్కకి ఒరిగిపోయింది. తెర పైఅంచులో ఉన్నదంతా అలాగే వంగింది. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి డోలు మీద కర్ర పడ్డ రెండు సెకన్లకి గానీ మోత వినపడలేదు. ప్రాణం ఉసూరుమంది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మన పాత టీవీల పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు (విడి బొమ్మలు), ఫ్రేముకి 625 అడ్డగీతలు, గీతకి 64 మైక్రోసెకన్లు. ప్రతి గీత మొదట్లో ‘ఇక్కడ మొదలు’ అని చెప్పే ఒక చిన్న గుర్తు, సింక్ పల్స్, ఉంటుంది. టేపు సాగినా, దాన్ని చదివే తిరుగుడు చక్రం (హెడ్ డ్రమ్ము) వేగం కాస్త మారినా గీతలు ముందూ వెనకా వస్తాయి, బొమ్మ ఒరుగుతుంది. పాత టీవీ వాటితో సర్దుకుపోయేది. టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ పరికరం మాత్రం తన గడియారంతో కొలుస్తుంది, లెక్కకి అందని ఫ్రేముని వదిలేస్తుంది. అలా 50 పోతే బొమ్మ రెండు సెకన్లు ముందుకెళ్తుంది. శబ్దం పూర్తిగా ఎక్కింది కాబట్టి వెనకబడుతుంది.

అందుకే గీతలు అటూఇటూ అయితే ‘లయ చెదిరింది’ అనీ, ఫ్రేములు పోతే ‘తాళం తప్పింది’ అనీ అందామని నా మాట. ఆది తాళం ఎనిమిది అక్షరాల్లో ఒకటి మింగేస్తే పాటా మృదంగం విడిపోతాయి కదా, అచ్చం అదే.

— తాళం అంటే తలుపుకి వేసేది కూడా కదండీ, అయోమయం కాదూ?

— ‘తాళం వేయి’ అంటే రెండర్థాలూ ఉన్నాయి మాస్టారూ. ‘తాళం తప్పింది’ అంటే మాత్రం ఒక్కటే. పైగా స్టూడియోలో కెమెరాలన్నిటినీ ఒకే సింక్ పల్స్‌కి కట్టడాన్ని జెన్‌లాక్ అంటారు. లాక్ అన్నా తాళమేగా, అక్కడ రెండు తాళాలూ కలిసొస్తాయి!

— మరి టైమ్‌బేస్ కరెక్టర్?

— ‘లయ దిద్దే పెట్టె’ అంటాను. గీతల్ని మెమరీలో పట్టి ఉంచి సమానమైన ఎడంతో వదులుతుంది. పెద్ద రకమైతే ఫ్రేముకి ఫ్రేమునే పట్టి ఉంచుతుంది. అలాంటిది ఒకటి తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి, క్యాసెట్ ప్లేయరుకీ క్యాప్చర్ పరికరానికీ మధ్యలో పెట్టి మళ్లీ ఎక్కించాను. బాసికం నిలబడింది, కర్ర పడ్డప్పుడే డోలు మోగింది. ఆదివారం అమ్మకి చూపిస్తాను.